ఆబ్నర్ ఉత్తరంలో రెండో కాగితం

ఆబ్నర్ హేడాక్ అబద్ధం ఆడే మనిషి కాడు. లిక్ వాగు పక్కనున్న పాతిక గడపల్లో ఎవరినడిగినా ఆ మాటే చెప్పేవారు. ఉప్పు బస్తా దారిలో తడిస్తే, తడిసిందని చెప్పి మరీ అమ్మేవాడు. తుప్పు పట్టిన సూదులు ఏరి పక్కన పడేసేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని "నీ ఉత్తరమే మా కొంప ముంచింది" అని జనం అంటుంటే, ఆ మాట అతనికి గొంతు దిగలేదు.

అతను పుట్టింది పెన్సిల్వేనియాలో, చెస్టర్ జిల్లాలో, ఒకరినొకరు మిత్రులని పిలుచుకునే క్రైస్తవ సంఘం వాళ్ళు, క్వేకర్ల ఇంట. తండ్రి పొలం నలుగురు అన్నదమ్ములకు పంచితే తలా ఒక పెరడుకు మించి రాదు. అందుకని పెళ్ళయిన ఏడాదికే భార్య టేసీని, ఒక బండిని, రెండు ఆవుల్ని వెంటబెట్టుకుని కొండలు దాటి ఒహాయో వచ్చేశాడు. వాగు మలుపులో దుంగల ఇల్లు కట్టి ముందు గదిలో కొట్టు పెట్టాడు. చుట్టుపక్కల వాళ్ళు మందుకు పనికొచ్చే జిన్సెంగ్ వేర్లు, జింక తోళ్ళు, తేనెమైనం తెచ్చి పోసేవారు. ఉప్పు, మేకులు, కాఫీ గింజలు పట్టుకెళ్ళేవారు. సారా మాత్రం అమ్మేవాడు కాదు. ఆ సంగతి వాగు అవతలి వేటగాళ్ళకు ఎప్పటికీ మింగుడు పడేది కాదు.

"ఇంత ఉప్పు అమ్ముతున్నావు, దాహం వేస్తే ఏం తాగమంటావు ఆబ్నర్?" అనేవారు.

"ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి అడగండి, ఇస్తుంది" అనేవాడు.

కొట్టుకు కావలసిన సరుకంతా ఫిలడెల్ఫియా నుంచి అతని పినతండ్రి కొడుకు కేలెబ్ పంపేవాడు. కేలెబ్ పెద్ద వర్తకుడు. రేవు దగ్గర గిడ్డంగి ఉంది, సంఘం ప్రార్థన కూడికలో ముందు వరస బెంచీ మీద చోటుంది. వీళ్ళిద్దరి మధ్య ఉన్నదల్లా ఉత్తరాలే. ఉత్తరం గుర్రాల మీద కొండలు దాటి వెళ్ళడానికి అయిదు వారాలు, జవాబు రావడానికి ఇంకో ఆరు. ఆబ్నర్ వసంతంలో అడిగిన దానికి ఎండాకాలం చివర్లో జవాబు వచ్చేది. వచ్చినా అడిగింది ఒకటైతే వచ్చేది ఇంకొకటి. చలిజ్వరానికి వాడే చేదు బెరడు పంపమని రాస్తే, ఒకసారి గడ్డిలో చుట్టి రెండు డజన్ల టీ కప్పులు పంపాడు. అందులో సగం పగిలాయి. ఆబ్నర్ ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడి పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. కోపం వచ్చినప్పుడు అతను చేసే పని అదొక్కటే. వాళ్ళ సంఘంలో తిట్టకూడదు, ఒట్టు పెట్టకూడదు, చెయ్యెత్తకూడదు. నెలలను కూడా పేర్లతో పిలవకూడదు, అంకెలతోనే చెప్పాలి.

"ఈ ఏడు చలికాలానికి కట్టెల లోటు ఉండదు" అంది టేసీ, గుమ్మంలో నిలబడి చూస్తూ. "మరో నాలుగు ఉత్తరాలొస్తే పక్కింటికి కూడా ఇవ్వొచ్చు."

వాళ్ళు వచ్చిన మూడో వేసవిలో వాగు ఒడ్డున జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వణుకు, ఆ తర్వాత ఒళ్ళు కాలిపోవడం. ఇంటికొకరు మంచాన పడ్డారు. ఆబ్నర్ రెండున్నరేళ్ళ కూతురు రూత్ తొమ్మిదో నెలలో పోయింది. వాగుకు దూరంగా, ఎత్తయిన గట్టు మీద ఓక్ చెట్ల మధ్య పూడ్చారు. మంచు పడ్డాక గాని ఊరు తేరుకోలేదు.

ఆ చలికాలంలోనే, రెండో నెలలో, కేలెబ్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ చాలామంది మిత్రులు పడమటికి పోదామనుకుంటున్నారు, అక్కడి నేల ఎలా ఉందో వివరంగా రాయి, అందరికీ చదివి వినిపిస్తాను అని. ఆబ్నర్ రెండు రాత్రులు కూర్చుని రెండు కాగితాలు నింపాడు. మొదటి కాగితంలో నేల గురించి రాశాడు. కర్ర గుచ్చితే చిగురేసే నల్లమట్టి, పదడుగులు పెరిగే మొక్కజొన్న, అడవిలో కాయలు తిని బలిసే పందులు. ఇంకో పది కుటుంబాలు వస్తే సొంతంగా కూడిక ఇల్లు కట్టుకోవచ్చనీ రాశాడు. రెండో కాగితంలో జ్వరం గురించి రాశాడు. ఏడో నెల నుంచి మంచు పడేదాకా ఎవరూ రావద్దనీ, వచ్చినా వాగు ఒడ్డున దిగవద్దనీ, పసిపిల్లలున్న వాళ్ళు మరో ఏడాది ఆగమనీ రాశాడు. రూత్ పోయిన సంగతి అందులోనే రాశాడు. ఆ నాలుగు ముక్కలు రాయడానికే రెండో రాత్రంతా పట్టింది.

ఉత్తరం వెళ్ళిపోయింది. ఆరో నెలలో కేలెబ్ జవాబు వచ్చింది. "నీ ఉత్తరం ఇక్కడ అందరినీ కదిలించింది. నకళ్ళు రాయించి అయిదు ఊళ్ళకు పంపాను. ఏడు కుటుంబాలు ఇప్పటికే బయలుదేరాయి."

ఆబ్నర్ తేదీ చూసుకుని వేళ్ళ మీద లెక్క పెట్టాడు. పెట్టినకొద్దీ మొహం పాలిపోయింది. "ఎనిమిదో నెలకు దిగుతారు టేసీ. సరిగ్గా ఎనిమిదో నెలకు. రావద్దని అంత స్పష్టంగా రాస్తిని కదా."

"చదవడం రాని వాళ్ళా వాళ్ళు?"

"చదవడం వచ్చిన వాళ్ళతోనే చావొచ్చి పడింది" అన్నాడు ఆబ్నర్.

వెంటనే ఇంకో ఉత్తరం రాశాడు గాని అది ఎవర్ని ఆపుతుంది? బండ్లు దారిలో ఉన్నాయి. ఉత్తరం ఒక కొండ ఎక్కుతుంటే బండ్లు అదే కొండ దిగుతున్నాయి.

ఎనిమిదో నెల రెండో వారంలో బండ్లు వచ్చాయి. అందరికంటే ముందు దిగింది పెన్సిల్వేనియాలోనే యార్క్ వైపు నుంచి వచ్చిన లీవై, అతని భార్య ఫీబీ, అతని తల్లి ఆక్సా. ఫీబీ చంకలో ఏడాది పిల్లవాడు. ముసలావిడ ఆక్సా బండి దిగీ దిగగానే బొడ్లో సంచి విప్పి, మడతలు నలిగిన కాగితం బయటికి తీసి ఆబ్నర్ ముందు పెట్టింది.

"నువ్వేనా ఆబ్నర్‌వి? ఇది నువ్వు రాసిందేనా?"

ఆబ్నర్ చదివాడు. తన మాటలే, అక్షరం పొల్లుపోలేదు. నల్లమట్టి, మొక్కజొన్న, పందులు, కూడిక ఇల్లు. కింద తన పేరు. అంతే.

"రెండో కాగితం ఏదీ?"

"రెండోదేంటి? ఇంతే ఇచ్చారు మాకు."

"రావద్దని రాశాను. జ్వరాలని రాశాను. మంచు పడ్డాక రమ్మని రాశాను."

ఆక్సా అతన్ని ఎగాదిగా చూసింది. "రమ్మన్నవాడివీ నువ్వే, వచ్చాక వద్దనేవాడివీ నువ్వే. మూడొందల మైళ్ళు ఈ ఎముకల మూటను బండి మీద వేసి కుదిపించుకుంటూ వచ్చాను నాయనా. ఇప్పుడు తిరిగి పొమ్మంటావా?"

పొమ్మని అనలేడు. గుర్రాలు చిక్కిపోయి ఉన్నాయి. అతను చేయగలిగింది చేశాడు. గట్టు మీదికి వెళ్ళి గుడారాలు వేసుకోమని ఒక్కొక్కరినీ బతిమాలాడు. గట్టు మీద నీళ్ళు లేవు, రోజుకు నాలుగుసార్లు మోసుకోవాలి. రెండు కుటుంబాలు విన్నాయి. మిగతావాళ్ళు, మేత బాగుంది, నీళ్ళు దగ్గర, అని వాగు పక్కనే దిగారు. లీవై నవ్వుతూనే అన్నాడు, "మంచి నేలంతా ముందొచ్చిన వాళ్ళకేనా ఆబ్నర్? మాక్కూడా కాస్త వదులు." ఆబ్నర్ ఇంటికి వెళ్ళిపోయాడు. పెరట్లోంచి గొడ్డలి చప్పుడు పొద్దుగూకేదాకా వినపడింది.

కూడిక రోజున కూడా అందరిదీ ఆ కాగితం మాటే. అతనికి రుజువు కూడా లేదు. ప్రతి ఉత్తరానికీ ఒక నకలు రాసి పెట్టుకునేవాడు. ఆ ఒక్కదానికి మాత్రం, రూత్ సంగతి రెండోసారి రాయడం చేతకాక, రాయలేదు.

తొమ్మిదో నెల మొదట్లో జ్వరం వచ్చింది. లీవై పదకొండు రోజులు వణికి చనిపోయాడు. ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఆక్సాకు ఏమీ కాలేదు. ఆ మాట ఆవిడే అందరి ముందూ తనను తాను తిట్టుకుంటున్నట్టు చెప్పుకునేది. లీవైని పూడ్చిన మర్నాడు ఫీబీ పిల్లవాణ్ణెత్తుకుని కొట్టుకు వచ్చింది. ఉప్పు అడిగింది. ఆబ్నర్ కొలిచి ఇచ్చాడు. ఆమె వెళ్ళలేదు.

"ఆ కాగితం నువ్వు రాసిందే కదూ?"

"రాసిందే."

రెండో కాగితం గురించి మళ్ళీ చెప్పాలని నోటిదాకా వచ్చింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి, నేను సగం మంచివాణ్ణి అని ఎలా చెబుతాడు? ఆమె ఉప్పు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను టేసీతో అన్నాడు, "నేను ఫిలడెల్ఫియా వెళ్తాను."

"వెళ్ళి?"

"రెండో కాగితం వాడిచేత చదివిస్తాను. అందరి ముందూ."

టేసీ రొట్టె పిండి కలుపుతోంది. చేయి ఆపకుండా అంది, "చదివించు. కాని ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. మొదటి కాగితం నిన్నెవరూ బలవంతపెట్టి రాయించలేదు. పదిమంది వస్తే బాగుండునని మనకూ ఉంది."

"నేను నిజమే రాశాను."

"నిజమే. ముందు ఏది రాశావో అది కూడా నిజమే."

అతను మూడు వారాలు గుర్రం మీద వెళ్ళాడు. కొండల్లో వాన. ఒకచోట గుర్రం కాలు బెణికి నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆగిన ఊళ్ళో సత్రం గోడకు తన ఉత్తరం నకలు అంటించి ఉంది. సత్రం యజమాని దాన్ని చూపించి, "మీరూ అటే వెళ్ళాల్సిన వాళ్ళు, ఇటు వెళ్తున్నారేంటి?" అని అడిగాడు.

ఫిలడెల్ఫియాలో కేలెబ్ అతన్ని గుమ్మంలోనే వాటేసుకున్నాడు. వేడి నీళ్ళు పెట్టించాడు, వేయించిన మాంసం, యాపిల్ పళ్ళ గుజ్జు వడ్డించాడు. ఆబ్నర్ చెంచా ముట్టుకోకుండానే అడిగాడు.

"రెండో కాగితం ఏం చేశావు?"

కేలెబ్ లేచి బల్ల సొరుగు తెరిచి దాన్ని తీసుకొచ్చాడు. జాగ్రత్తగా మడిచి, రిబ్బను కట్టి ఉంది. దాచలేదు, చింపలేదు. అది చూసి ఆబ్నర్‌కు ఇంకా ఒళ్ళు మండింది.

"ఇదిగో. ఒక్క అక్షరం పోలేదు" అన్నాడు కేలెబ్. "బిడ్డ పోయిన దుఃఖంలో రాసిన మాటలని తెలిసిపోతోంది ఆబ్నర్. నీ ఇంటి దుఃఖాన్ని నలుగురిలో పెట్టి చదవడం నాకు న్యాయమనిపించలేదు. మీ అమ్మకు విడిగా వెళ్ళి నేనే చెప్పాను. ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను కూడా."

"నెల రాశాను. ఏ నెల రాకూడదో రాశాను. అది దుఃఖమా?"

"దుఃఖంలో ఉన్నవాడికి అన్ని నెలలూ ఒకలాగే కనిపిస్తాయి."

"ముగ్గురు పోయారు కేలెబ్."

కేలెబ్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అది నటన కాదు. అదే పెద్ద చిక్కు. అతని కంట నీళ్ళు కూడా వచ్చాయి. తర్వాత కళ్ళు తుడుచుకుని, "వాళ్ళు ఎలాగూ వెళ్ళేవాళ్ళే. నీ దగ్గరికి కాకపోతే ఇంకా చెడ్డ చోటికి పోయేవాళ్ళు. నీ ఉత్తరం వల్ల మన వాళ్ళ మధ్యకైనా వెళ్ళారు" అన్నాడు.

ఇలాంటి మనిషితో పోట్లాడటం నీళ్ళ మీద కర్రతో కొట్టినట్టే. ఆబ్నర్ సంఘపెద్దల దగ్గరికి వెళ్ళాడు. సంఘంలో ఒక పద్ధతి ఉంది: ముందు తానొక్కడే వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఇద్దర్ని తీసుకెళ్ళాలి, అప్పటికీ తేలకపోతే కూడిక ముందు పెట్టాలి. ఇద్దర్ని తీసుకెళ్ళాడు. ఆ ఇద్దరూ కేలెబ్ ఇంట్లో భోంచేసి, ఆలోచిస్తామని లేచారు. మూడు వారాలు ఆలోచించారు. మూడు వారాలూ ఆబ్నర్ కేలెబ్ ఇంట్లోనే, కేలెబ్ పెట్టిన తిండే తింటూ, మేడ మీద గదిలో పచార్లు చేశాడు. కొట్టడానికి కట్టెలు కూడా లేవు. ఆ ఇంట్లో కట్టెలు కొట్టేది జీతగాడు.

చివరికి ఆ ఇద్దరిలో ముసలాయన తేల్చి చెప్పాడు. "అది వ్యాపారపు ఉత్తరం. కూడికలో చదివేది కాదు. మీరిద్దరూ ఒకరిపట్ల ఒకరు మెత్తగా ఉండాలని మా అభిప్రాయం."

"మొదటి కాగితం అయిదూళ్ళలో చదివారు."

"అది కూడికయ్యాక, వరండాల్లో చదివారు. దానికి మా అనుమతి అక్కర్లేదు."

"అయితే రెండోది నేనూ వరండాల్లో చదువుతాను."

"చదువు. కాని కోపం తగ్గాక చదువు."

"అది చదివితే గాని కోపం తగ్గదు" అన్నాడు ఆబ్నర్. ముసలాయన తల పంకించి లేచాడు.

కేలెబ్ రెండు కాగితాలూ ఇచ్చాడు. పనికొస్తుందని బలవంతంగా ఒక సంచి కూడా గుర్రానికి కట్టాడు. అందులో జ్వరానికి చేదు బెరడు నిండా ఉంది. అడిగిన రెండేళ్ళకు.

పన్నెండో నెలంతా ఆబ్నర్ ఊరూరా ఆగుతూ ఇంటిదారిన వెళ్ళాడు. వసంతంలో బయలుదేరబోయే వాళ్ళెవరో అడిగి, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పొయ్యి ముందు నిలబడి రెండు కాగితాలూ చదివాడు. కూతురి సంగతి వచ్చేసరికి మొదట్లో గొంతు పూడుకుపోయేది. ఆరేడు ఇళ్ళయ్యేసరికి పూడుకోవడం మానేసింది, దానికి ఇంకా బాధపడ్డాడు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. మొగవాళ్ళు మర్యాదగా విని, మొక్కజొన్న నిజంగా పదడుగులు పెరుగుతుందా అని అడిగేవారు.

లాంకాస్టర్ దగ్గర ఈనాక్ అనే రైతు అప్పటికే బండి చక్రాలకు కొత్త ఇనుప పట్టాలు వేయించాడు. అంతా విని అడిగాడు, "ఆ చోటు అంత చెడ్డదైతే మరి నువ్వెక్కడికి పోతున్నావు ఇప్పుడు?"

"ఇంటికి."

"ఎక్కడ నీ ఇల్లు?"

"అక్కడే."

"మరి?" అన్నాడు ఈనాక్, చక్రం మీద చెయ్యి వేసి.

"నేను పోవద్దనట్లేదు. మంచు పడ్డాక పొమ్మంటున్నాను."

"మంచు పడ్డాక పోతే విత్తనాలు ఎప్పుడు వెయ్యను? మొదటి ఏడు నా పిల్లలు ఏం తినాలి?"

ఆబ్నర్ రెండు కాగితాలూ మడిచి తర్వాతి ఇంటికి బయలుదేరాడు. మొత్తం పద్నాలుగు ఇళ్ళకు వెళితే, మూడు కుటుంబాలు ఆగుతామన్నాయి.

ఇంటికి చేరేసరికి కొట్టులో ఫీబీ ఉంది. టేసీ ఒక్కతే చూసుకోలేక సాయం పిలిచిందట. ఆక్సా వెనక గదిలో పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మేజోళ్ళు అల్లుతోంది. ఆబ్నర్ కోటు కూడా విప్పకుండా రెండో కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆక్సా లేచి బల్ల దగ్గరికి వచ్చి, దాన్ని కళ్ళకు ఆనించుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది.

"అయితే రాశావన్నమాట" అంది. మడిచి తిరిగి ఇచ్చింది. "ఇప్పుడిది నాకెందుకు?"

ఫీబీ దాన్ని చదవనేలేదు. "నీ గుర్రానికి మేత వెయ్యాలి" అని బయటికి వెళ్ళింది.

అన్ని మైళ్ళు తిరిగి తెచ్చిన కాగితం. ఆబ్నర్ దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అడిగినవాళ్ళు లేరు, మెచ్చుకున్నవాళ్ళు లేరు. టేసీ వచ్చి అతని కోటు విప్పి మేకుకు తగిలించింది.

అప్పట్నుంచి అతను కేలెబ్‌కు రాసే ప్రతి ఉత్తరం జ్వరంతోనే మొదలుపెట్టాడు. నాలుగు ఉత్తరాలు అలా వెళ్ళాక కేలెబ్ ఎంతో ప్రేమగా జవాబు రాశాడు: నీ ఉత్తరాలు ఈ మధ్య బరువుగా ఉంటున్నాయి, ఇక్కడ వాళ్ళకు వినే ఓపిక లేదు, అందుకని ఉత్తరాన ఇంకో వాగు దగ్గర ఉన్న ఒక మిత్రుడితో రాయించుకుంటున్నాము, అక్కడ మొక్కజొన్న పన్నెండు అడుగులట.

వసంతంలో ఒకరోజు ఫీబీ ఒక తెల్ల కాగితం అడిగింది.

"ఎవరికి?"

"మా చెల్లెలు కెజాయాకు. రమ్మని రాస్తాను."

ఆబ్నర్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "ఇంత జరిగాక నువ్వు రమ్మని రాస్తావా ఫీబీ?"

"మాట్లాడేందుకు మా అత్త తప్ప ఇంకెవరూ లేరు ఆబ్నర్. మా అత్త సంగతి నీకూ తెలుసుగా" అంది ఫీబీ. వెనక గదిలోంచి, "వినపడుతోంది" అంది ఆక్సా.

ఫీబీ చిన్నగా నవ్వింది. లీవై పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆబ్నర్ కాగితం ఇచ్చాడు. విడదీసే వీల్లేకుండా ఆమె అంతా ఒక వైపే రాసింది. మంచు పడ్డాకనే రమ్మని, ముందు వస్తే తలుపు తియ్యనని రాసింది.

వినేవాళ్ళెవరు? దారి బాగుందని, గుర్రాలు గట్టివని, కెజాయా, ఆమె భర్త, ముగ్గురు పిల్లలు మంచుకు పన్నెండు రోజుల ముందే దిగారు. బండి కనపడగానే ఆబ్నర్ వాగు దాకా పరిగెత్తి, రెండు చేతులూ చాపి గుర్రాలకు అడ్డం నిలబడ్డాడు.

"మంచు పడ్డాక కదా రమ్మన్నది?"

"తొందరగా వచ్చినందుకు కూడా కోప్పడతారా ఈ ఊళ్ళో?" అంది కెజాయా.

కళ్ళెం పట్టుకుని తానే బండిని గట్టు మీదికి నడిపించాడు. ఓక్ చెట్ల మధ్య గుడారం వేయించాడు. కిందికి ఒక్కరు దిగినా, తాను తప్ప కింది నుంచి ఒక్కరు ఎక్కినా ఒప్పుకోనన్నాడు. పన్నెండు రోజులు రెండు పూటలా నీళ్ళు, మొక్కజొన్న గంజి, పందిమాంసం తానే మోశాడు. అక్కాచెల్లెళ్ళు గట్టు మీద ఒకరు, గట్టు కింద ఒకరు నిలబడి గొంతులు పోయేలా కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. కొట్టుకొచ్చిన వేటగాళ్ళు అది చూసి, "సారా మేం తాగం అంటారు గాని, తాగకుండానే మీ వాళ్ళు ఇలా ఉన్నారు" అని నవ్వారు.

పదమూడో రోజు తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పరుచుకుంది. ఆబ్నర్ గంజి కుండ పట్టుకుని, ఇక దిగవచ్చని చెప్పడానికి గబగబా గట్టెక్కాడు. గుడారం ఖాళీగా ఉంది. అతని కంటే ముందే మంచు చూసుకుని, ఇంకో కాలిబాటన వాళ్ళు ఫీబీ ఇంటికి దిగిపోయారు. కింద పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది, పిల్లల అరుపులు వినపడుతున్నాయి. ఒక్కమాట చెప్పి వెళ్ళొచ్చు కదా అనుకున్నాడు. ఒక దుంగ మీద కూర్చుని, గంజి చల్లారకముందే సగం తనే తాగేసి, మిగతాది పట్టుకుని కిందికి నడిచాడు.